కచ్చా కుట్టు

మెట్టుగడ్డ దాటినంక రెండో సందుల
ఇరవైనాలుగడుగుల గుంత తీసినం.
రెండు సెల్లార్లంట, మీద బట్టల షోరూమంట.
గుంత అంచుకు జానెడు దూరంల
ఖలీల్ మియా కుట్టు దుకాణం, పైన ఆయన కాపురం.
బునాది ఎంత లోతని నవనీత మేడం అడిగితే
"మా అబ్బ తవ్విచ్చింది" అని
మోకాలు మీద చెయ్యి పెట్టి చూపిండు.

మట్టి సంగతి నాకు తెలిసింది ఇంతే:
కర్నూలు బస్సుల పక్క సీటోడు లేస్తే
నిద్రల తూలే ముసలోని లెక్క.

పైన పదడుగులు మొరం, పొగరుగ నిలబడ్డది.
దాని కింద పసుపు సుద్ద,
తడిస్తే మాట తప్పేది.
ఇనుప కంబాలు దింపినం, నడుమ పలకలు,
పలకలకు అడ్డం దూలం, దూలానికి ఏటవాలు ఊతం.
ఇంకో వరస కావాలన్నది మేడం.
సేటు ఫోన్ల లెక్కలేసి
"వానలకు ముందే స్లాబు పడ్తది గదా" అన్నడు.

దుకాణం గోడకు వెంట్రుకంత పర్రె.
మేడం బయటి దిక్కు దాని మీద అద్దం ముక్క అతికిచ్చింది,
పగిల్తే గోడ కదిలినట్టు.
మియాకు అద్దం మీద నమ్మకం లేదు.
లోపటి దిక్కు సుద్దబిళ్ళతోటి
పర్రె కొసకాడ గీత, పక్కన తారీకు.
జూన్ నాలుగు.
జూన్ తొమ్మిది.
"నీ ఇనుమంతా కచ్చా కుట్టే గదా కుర్మయ్యా,
అసలు కుట్టు పడేదాక బట్ట జారకుంట?"
ఔ, గంతే అన్న.
"మరి దారం కాడ పీనాసితనమేంది మీ సేటుకు?"

పదకొండు రాత్రి వాన.
పలకల సందుల కెళ్ళి పసుపు నీళ్ళు.
ఊతం ఒకటి మూలిగింది.
ఇనుము మూలుగుతదంటే మా ఇంట్ల ఇప్పటికీ నమ్మరు.
అద్దం పగల్లే,
ప్లాస్టరు నాని సాంతం చేతికొచ్చింది.
సుద్దగీతను మాత్రం పర్రె జానెడు దాటిపోయింది.

మియా, ఆయన భార్య, కోడలు,
సగం కుట్టిన బడి యూనిఫారాలు నూటనలభై జతలు
అన్నీ రోడ్డు మీదికొచ్చినయ్.
"పూడ్చుండ్రి" అన్నది మేడం.

బొంబాయిల తవ్విన, పూణెల తవ్విన,
పేరు పలకరాని ఊర్ల కాలువలు తవ్విన.
పాలమూరోళ్ళం, మట్టి ఎత్తుడే నేర్చినం.
తీసిన మట్టి తీసిన్నే పోసుడు
ఆ రాత్రే మొదలు.
టిప్పరు డ్రైవరు తిట్టుకుంటనే ఎనకకు తిప్పిండు.
ఊతాల కింద, గోడ కాళ్ళకాడ, వాలుగ,
మోకాలెత్తు, నడుమెత్తు, మనిషెత్తు.

తెల్లారి చూస్తే పర్రె ఉన్నకాడనే ఉంది.
సేటొచ్చి, నెల పని ఏడవాయెరా అన్నడు.
ఎవ్వరం పలకలే.
మేడం రెండో వరసకు కొలతలు రాసుకుంటుంది.

ఖలీల్ మియా చెప్పుల దుకాణం అరుగు మీద
మిషనేసుకొని కాలరు తిప్పుతున్నడు.
కచ్చా దారం పండ్లతోటి కొరికి తీస్తున్నడు,
అసలు కుట్టు పడినంకనే.