పాళీ

కర్నూలు జిల్లా కోర్టులో ఇరవై రెండేండ్లుగా స్టెనో నేను.
మనుషులు ఎట్లెట్లా చస్తారో నా వేళ్ళకు తెలుసు.
గొడ్డలి, గడ్డిమందు, గ్యాసునూనె,
ఒకసారి సైకిల్ చైను.
అన్నిటికీ అవే కీలు.

మద్దిలేటి ముగ్గుర్ని చంపినాడు,
బోరు గట్టు కాడ, తెల్లారుజామున.
సుంకులమ్మ మొగుణ్ణి, ఇద్దరు కొడుకుల్ని.
చిన్నోడికి పద్నాలుగేండ్లు.
వాడి చెప్పులు మోటారు షెడ్డులో జతగా ఉన్నాయంట.
ఆ సాక్ష్యం కొట్టింది నేనే.
ఆ రాత్రి నాకూ అనిపించింది,
వాణ్ణి ఆ గట్టు మీదే, అని.
అనిపించలేదని అబద్ధం చెప్పను.

వానికి సర్కారిచ్చిన వకీలు.
ఫైలు మీద కక్షిదారు పేరు
రెండుసార్లు తప్పు పలికినాడు.

తీర్పు రోజు
ఇంగ్లీషులో ఆ వాక్యం పొడుగు.
మెడ వస్తుంది, వేలాడదీయడం వస్తుంది,
ప్రాణం పోయేదాకా అని వస్తుంది.
మధ్యలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది,
ఎవరూ తలెత్తి చూడలేదు.
జడ్జిదొర సంతకం పెట్టినాడు.
అందరూ బాల్‌పెన్నుతో రాసే కాలంలో
ఈ పనికని సొరుగులో దాచిన సిరాపెన్ను.
పెట్టి, పాళీని బల్లకేసి ఒత్తినాడు.
టప్.
పల్లీకాయ ఒలిచినంత చప్పుడు.

ఆచారం లెమ్మా, అన్నాడు బంట్రోతు ఓబులన్న.
దొంగకు శిక్ష రాసిన పెన్ను విరవరు.
యావజ్జీవం రాసిన పెన్ను జేబులోకి పోతుంది,
ఇంటికాడ పాలలెక్క రాస్తుంది.
దీన్నే ఎందుకు విరుస్తారన్నా?
మా నాయన దూదేకులోడు.
పొద్దంతా పరుపులేకి, పొద్దుగూకితే
విల్లు తుడిచి గోడకు తగిలించేటోడు.
కసాయి ఖాదరు కూడా
కత్తి కడిగి దాచుకుంటాడు కదన్నా.
ఓబులన్న చీపురు తెచ్చేదానికి పోయినాడు.

వరండాలో కౌలుట్లమ్మ, మద్దిలేటి తల్లి,
నా కొంగు పట్టుకున్నాది.
"ఏమని రాసినారమ్మా?"
అంత పొడుగు వాక్యం
తెలుగులో రెండక్షరాలే.
ఆ రెండూ నోట్లో పెట్టుకుని
నీళ్ళకుండ దాకా నడిచిపోయినా.

అవతల సుంకులమ్మ అడుగుతోంది, "ఎప్పుడు సార్?"
హైకోర్టు, సుప్రీంకోర్టు, రాష్ట్రపతి,
వకీలు వేళ్ళు మడుస్తున్నాడు.
"అందాక నేనేం చెయ్యాల?"
ఎవరూ దాన్ని టైపు చెయ్యమనలేదు.
మోటారు కరెంటు బిల్లు ఎవరు కట్టాల,
రాత్రిపూట ఆ ఇంట్లో ఆమెకు తోడు ఎవరు పండుకోవాల,
ఒక్క పంక్తి లేదు.
తొంభై పేజీలు, ఒక తాడు.

ఐదున్నర పత్తికొండ బస్సు.
సుంకులమ్మ కిటికీ పక్కన.
ఆమె పక్క సీటు ఒక్కటే ఖాళీ.
కౌలుట్లమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది.
కండక్టరు "కూర్చోవ్వా" అన్నాడు.
కూర్చోలేదు.
సుంకులమ్మ మొగం తిప్పలేదు.
నేను కోడుమూరులో దిగేదాకా
ఆ సీటు ఖాళీగానే వస్తోంది.

మద్దిలేటిని విడిచిపెట్టమని నేననలేదు.
గోడల నడుమ ముసలోడు కానీ,
ప్రతి తెల్లారుజామునా ఆ చెప్పుల జత
వాని కండ్ల ముందర ఉండనీ.
చంపే పని మాత్రం
నా జీతంతో, నా వేళ్ళతో,
నా పేరు కూడా కలిపి "ప్రజల తరఫున" అంటూ
వద్దు.
సుంకులమ్మకు ఈ మాట చెప్పే ధైర్యం
నాకు ఈ రోజుకీ లేదు.

ఊడ్చేటప్పుడు దొరికిందని
ఓబులన్న పాళీ నా చేతిలో పెట్టినాడు.
అగ్గిపెట్టెలో పెట్టి బియ్యం డబ్బా వెనక దాచినా.
ఒక రాత్రి నిద్రపట్టక, సిరాలో ముంచి
దాంతో నా పేరు రాసి చూసినా.
దూదేకుల హుసేనమ్మ.
ప్రతి అక్షరమూ
రెండు గీతలుగా వచ్చింది.