జీడి మరక

శ్రీకాకుళం కలెక్టరేట్లో రెండో అంతస్తు.
కంప్యూటర్లు బాగుచేసే నిపుణులు కావాలట.
ఆరో మనిషి లుకలాపు దమయంతి.

"పాత సర్వరు. ముందు ఏం మారుస్తావమ్మా?"
అంతకుముందు ఐదుగురూ క్లౌడ్ అన్నారు.
ఈ గుంట బ్యాగులోంచి
పగిలిన జీడిపిక్క తీసి
ఫైలు మీద పెట్టింది.

"కాశీబుగ్గలో ఇవి కొట్టేవాళ్లకి
వేలిముద్రలుండవు సార్.
జీడి తినేస్తాది.
మిషను మళ్లీ పెట్టమంటాది.
మా పిన్ని పింఛనుకి పదకొండుమాట్లు పెట్టింది,
ఆఖరిమాటు వేలు చప్పరించి.
'సరిపోలలేదు' అని వస్తాది చూడండి, ఎర్రగా,
ముందు ఆ మాట తీసేస్తాను."

టీ గ్లాసులు ఏరుతూ నేనూ ఆగాను.
ఒకాయన పిక్కని ముట్టబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కబురు చేస్తామన్నారు.
మెట్లు దిగిపోయింది.

సాయంత్రం బల్ల తుడుస్తుంటే
ఫైలు మీద నల్లటి మరక.
నానెరుగుదును,
జీడి.
ఏటి సేసినా పోదు.