ఆరో వంతు

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
షట్టరు సగానికి దించి
రాత్రి తొమ్మిది తర్వాత ట్యాంకు చేస్తున్నాను.

నీళ్ళదా, అన్నాడు టీ కుర్రాడు.
డీజిల్‌దా, అన్నాడు పక్క షెడ్డు రేడియేటర్ల సుభానీ.
కాదురా, యుద్ధానిది అంటే
ఎవరితో, అని ఇద్దరూ ఒకేసారి.

కొలత ఆరో వంతు.
అసలుది ఆరడుగులుంటే నాది అడుగు.
బరువు దగ్గర మాత్రం లెక్క అడ్డం తిరిగింది.
ముప్ఫై ఆరు టన్నుల్ని ఆరుతో భాగిస్తే సరిపోదట,
పొడుగుకొకసారి, వెడల్పుకొకసారి, ఎత్తుకొకసారి.
అయినా నూట అరవై ఏడు కిలోలు.
బల్ల ఒప్పుకోలేదు.
నేల మీదే, గోనె పరిచి, మోకాళ్ళ మీద.

గొట్టానికి బోరింగు పైపు లేతు పట్టాను.
చక్రాలకి ఫ్యాన్ బెల్టు పుల్లీలు, ఇరవై.
గొలుసుకి పక్కకి తొంభై లింకులు,
తుక్కు గిన్నెలు కరిగించి
కృష్ణ ఇసుకలో ఒక్కొక్కటే పోశాను.
నూట డెబ్భై దాకా వచ్చేసరికి
మా ఆవిడ అన్నం గిన్నె దాచుకుంది.

దైవసహాయం గారు గుణదల నుంచి
సిటీ బస్సులో వస్తారు.
దఫేదారుగా దిగిపోయారు. పదిహేడేళ్ళు లోపల కూర్చుని నడిపారు.
ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చారు,
కుడి వైపు నిలబడి మాట్లాడాలి.

మొదటి రోజు చూసి
చక్రాలు అలా సమానంగా పెట్టావేంటి, అన్నారు.
అందంగా ఉంటుందని.
మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఎడం ఉండాలి.
ఎందుకండీ?
ఎందుకో నాకేం తెలుసు, ఉండేది.
ఇరుసులన్నీ ఊడదీశాను.

అతుకుల దగ్గర నా చేతికే సిగ్గేసింది.
ఇరవై రెండేళ్ళు గ్రైండర్ పట్టి
అతుకు కనపడకపోతేనే డబ్బులడిగినవాణ్ణి,
ఇప్పుడు వానపాము పాకినట్టు
కనపడేలా అతకాలి.
పగలు లారీ డోర్ల తుప్పు గీకుతాను,
రాత్రి కొత్త రేకుకి
బ్రష్షు చివరతో తుప్పు పెడతాను.

అక్కడ కాదు, అన్నారాయన.
మూత అంచుకి తుప్పెలా పడుతుంది?
రోజూ చేతులు పడేచోటు.
జేబురుమాలు తీసి రుద్దారు
పెయింటు పోయి, ప్రైమరు పోయి
ఇనుము తళుక్కుమనేదాకా.
ఇదీ, అన్నారు.

బురదకి లంకమట్టి జిగురులో కలిపి పూశాను.
గోటితో గీకి వాసన చూశారు.
ఇది మన మట్టి.
అక్కడిది పిండిలా లేచేది, రొట్టెలో పడేది,
నీళ్ళు తాగితే గొంతులో ముద్దయ్యేది.
మర్నాడు ఇటిక పొడిలో సిమెంటు కలిపి
పాత చున్నీతో జల్లించి ఊదాను.
ఏమీ అనలేదు.
ఆయన ఏమీ అనకపోతే బాగున్నట్టు.

ఎనామిల్ మగ్గొకటి వెనక వేలాడదీయమన్నారు, సొట్టతో.
సొట్ట ఏ వైపో కూడా చెప్పారు.
లోపల డ్రైవరు సీటు చేయమన్నారు.
ఎవరికి కనిపిస్తుందండీ?
సమాధానం లేదు. ఎడమ వైపు నిలబడ్డానేమో.
రెక్సిన్ ముక్క కుట్టి వేశాను.

చివర్న మిగిలింది మనుషులు.
అడుగు ఎత్తు బొమ్మలు, టోపీలతో సహా,
చేయిస్తాను ముగ్గుర్ని, అన్నాను.
నలుగురం, అన్నారు.
సరే, నలుగురు.
వద్దు. ఎవర్నీ పెట్టకు.
మూతలు మాత్రం తెరిచే అతికించు.
మూసి ఉంటే లోపల ఉన్నారనుకుంటారు.

మూడు మూతలున్నాయి.
మూడూ వెనక్కి విరిచి
నట్టు బిగించి, దానిమీద చుక్క వెల్డింగు పెట్టాను
మళ్ళీ ఎవరూ మూయలేకుండా.
వెలుగు తగ్గాక ఆయన వంగి
సీటు దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నారు,
మణికట్టు దాకా పట్టింది.

గొలుసు చుట్టి మేకు దిగ్గొట్టాక
ఒక లింకు మిగిలింది.
తప్పు లెక్కపెట్టానేమో అని మళ్ళీ లెక్కపెట్టాను.
పక్కకి తొంభై. సరిగ్గానే ఉంది.

ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకున్నారు
అడగకుండానే.
ఆఖరి బస్సు ఉందో లేదో అంటూ నడిచారు.
పంటకాలవ రోడ్డు మలుపు దాకా
చిల్లరతో పాటు అది మోగుతూనే ఉంది,
నాకు.
ఆయనది ఎడమ జేబు.