ముప్పై ఆరు పళ్ళు

రంపం పట్టేది గోయిందసామి.
పన్ను పట్టేది నేను.

గుండ్రటి ఆకురాయి, పెన్సిలు కంటే సన్నం.
ముందుకే తోయాల. వెనక్కి లాగితే
ఆకురాయే అరిగిపోతాది.
పంటికి మూడు తోపులు, ఎక్కువా లేదు, తక్కువా లేదు.
యాడ మొదలుపెట్టినానో మరిచిపోకుండా
మొదటి పంటికి నా గోళ్ళరంగు ఒక చుక్క.

పద్దెనిమిది ఈ పక్క.
తిరిగి కూచోని పద్దెనిమిది ఆ పక్క.
ఆ పక్క నా చెయ్యి కొంచెం సోమరి.
కోత తిన్నగా దిగదు అప్పుడు,
కాడి ఇడిచిన ఎద్దు మాదిరి ఓ పక్కకు ఒరుగుతాది.
ఆయన నన్నేమీ అనడు.
మొద్దు తిప్పి వంకర చూపిస్తాడు, అంతే.

పదునుంటే అటుకులు రాలతాయి.
మొద్దుబారితే పిండి.
పిండి రాలేటప్పుడు అదిమి కోసేవాడు
చెట్టుతో కాదు, మిషన్‌తో కొట్లాడతా ఉంటాడు.

చైత్రం గాలికి పడిన తోతాపురిని
నీళ్ళపొయ్యికని తుంచతా ఉంటే
సోమారం మధ్యాన్నం మేకు తగిలింది.
ఎవురు కొట్టినారో, ఏం తగిలించినారో,
చుట్టూ కట్టె నల్లగా కమిలి ఉండాది.
చెట్టు ఇన్నేండ్లు నమలకుండా దాచుకున్నదాన్ని
గొలుసు ఒక్కసారే కొరికింది.
నాలుగు పళ్ళ మూతి పాయ.

గొలుసు సంచిలో ఏసుకొని తిరుపతి బస్సెక్కినా.
భాకరాపేట ఘాటు దిగినాక చెకింగు.
సంచి తెరిచిన కుర్ర పోలీసు
పామును చూసినట్టు ఎనక్కి జరిగె.
ఈ కొండల కింద రంపం ముట్టిన చెయ్యి
ఎవురిదైనా ఎర్రగానే కనబడతాది.
గొలుసు తీసి ఆయన రాసుకునే పుస్తకం మీద దులిపినా.
లేతపసుపు పొడి.
"చందనమైతే ఎర్రగుంటాది సార్. ఇది మామిడి. వాసన చూడు."
చూసినాడు.
పెద్దాయన "పోమ్మా" అనె,
ఆ పొడిని ఊదకుండానే పుస్తకం మూసె.

చెంగల్రాయులు అంగట్లో మూడు రకాలు యాలాడతా ఉండాయి.
"చౌకది రెండు దినాలు కోసి మూడోదినం ఏడుస్తాది.
ఉలిపంటిది బో సురుకు, మట్టి తగిలితే ఆ పౌరుషం పోతాది.
ఇంటి కట్టెలకు మూల తిరిగిన పన్ను చాలు తల్లీ."
బద్ద కొలత చెప్పబోతే ఆపినాడు.
పాత గొలుసు ఏళ్ళ మీద జార్చుకుంటా
కింది నాలుకలు లెక్కబెట్టె: డెబ్భై రెండు.
"అంగుళాలు అబద్ధం చెప్తాయి, ఇవి చెప్పవు."

కొత్త గొలుసు మొదటిదినం సాగుతాది.
కాగినప్పుడు బిగించకూడదు,
చల్లారి ముడుచుకుంటే బద్దనే కొరుకుతాది.
నూనె పోసి, నీడన పెట్టి, కాఫీ తాగి వొచ్చి
వేలితో ఎత్తి ఇడిచినా.
టప్పుమని తన చోట కూచునె.

పాతది పారెయ్యలా.
మూతి పోయిన నాలుగు పళ్ళు అట్లే ఉండాయి.
మట్టి అంటిన మొదుళ్ళకు
అది చాలు.