పదకొండో పేజీ

తిత్లీ వచ్చిన రాత్రి
తోటలు పడుతుంటే చప్పుడు వినబడింది.
దండాసి గారు ఒక్కో చెట్టునీ తిట్టారట, పడొద్దని.
మా సైటు పడిపోయిన రోజు
కాశీబుగ్గలో కుక్క కూడా మొరగలేదు.

మంగళవారం. కిటికీలోంచి బోర్మా సెగ.
రోజూలాగే మా పేరు కొట్టి వెతికాను.
మొదటి పేజీలో లేం. రెండులో లేం.
వేలితో తోసుకుంటూ పోగా పోగా
పదకొండో పేజీలో ఉన్నాం,
సిమెంటు ఇటుకల కంపెనీకీ
మూతపడ్డ లాడ్జికీ నడుమ.

తప్పు మాదే.
ఈ రెండు మాటలకి నాకు రెండు నెలలు పట్టింది.

దీపావళి ముందు ఫోన్లో ఒక గొంతు:
పన్నెండు వేలు, ఆరు వేల లింకులు,
నెల తిరక్కుండా ముందు వరసలో కూర్చోబెడతానంది.
కూర్చోబెట్టింది కూడా.
సూరత్ ఆర్డరు, నాగపూర్ ఆర్డరు,
స్టేషన్ రోడ్డులో దండాసి గారు పోయించిన టీలు.
నేనూ ఊరుకోలేదు.
తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలతో
పలాస జీడిపప్పు పలాస జీడిపప్పు అని
నలభై మూడు సార్లు రాశాను,
మనిషికి కనబడదు, యంత్రానికి కనబడుతుందని.

కనబడింది.

మొదటి అర్జీలో
ఎవడో మమ్మల్ని మోసం చేశాడని రాశాను.
మూడు వారాలకి జవాబు: చాలదు.

ఆ సాయంత్రం ఏరుడు గదిలో కూలబడ్డాను.
గున్నమ్మ తల ఎత్తలేదు.
గుండు, బద్ద, ముక్క, నూక
చూడకుండానే ఆమె వేళ్ళు పంచేస్తాయి.
గోళ్ళ చుట్టూ పాత జీడి నలుపు.
"ఏటమ్మా హైమా, మొగం అలాగుంది?"
చెప్పాను, ఎలా అర్థమవుతుందిలే అనుకుంటూ.
"అంటే, డబ్బులిచ్చి పొగిడించుకున్నారు."
"అవును."
"పొగిడినోళ్ళకి మన పప్పు రుసి తెలుసేటి?"

తెలీదు. అందులో జూదం సైట్లున్నాయి,
బట్టతల మందులున్నాయి,
ఏ దేశానిదో చదవలేని లిపి ఉంది.

"అయితే ఏరు. పుచ్చుది మూటలో వొగ్గేసి
పైన మంచిది పోస్తే ఏటి లాబం?"

ఏరాను. ఆరు వేల రెండు వందల పదిహేడు.
పేరు కోసం డబ్బు కట్టినవాళ్ళమే
మా పేరు తీసెయ్యమని
ముక్కూ మొహం తెలియనివాళ్ళని బతిమాలాం.
ఒకడు తియ్యడానికి డాలర్లడిగాడు.
చాలామంది అసలు మనుషులే కారు.
జవాబు రానివన్నీ జాబితా కట్టి
వీళ్ళు మావాళ్ళు కారని రాసిచ్చాను.
తెల్ల అక్షరాలు మాత్రం
ఎంచి ఎంచి చెరిపాను, నలభై మూడూ.

రెండో అర్జీ చిన్నది.
డబ్బు మేమే ఇచ్చాం. మాటలు నేనే దాచాను.
దండాసి గారు చదివించుకుని, చాలాసేపు ఊరుకుని,
"నా పేరు కూడా వెయ్యి" అన్నారు.

శిక్ష ఎత్తేశారు.
వరస మాత్రం తిరిగి రాలేదు.
వస్తుందనుకుని ఒక రాత్రంతా
అదే పేజీని మళ్ళీ మళ్ళీ తెరుస్తూ కూర్చున్నాను.
దొంగ మెట్లు లాగేశాక
మా అసలు ఎత్తు ఇంతేనన్నమాట.
తిత్లీ తర్వాత నాటిన అంట్లు
మొన్నటేడు గానీ పూత పట్టలేదు,
దండాసి గారికి తొందర లేదు.

ఖాళీ అయిన చోట ఏం పెట్టాలో తోచక
గున్నమ్మని అడిగినవి రాస్తున్నాను:
పై పొర ఎందుకు వగరు,
ముక్కిన పప్పుని వాసనతో ఎలా పట్టాలి,
వానల్లో డబ్బా మూత ఎలా బిగించాలి.
చదివి వినిపిస్తే రెండు చోట్ల దిద్దింది.

నిన్న పర్లాకిమిడి నుంచి ఒక ఆర్డరు.
అరకిలో బద్ద.
మా గురించి ఎలా తెలిసిందన్న గడిలో
"వగరు ఎందుకో వెతుకుతుంటే" అని ఉంది.

ఎన్నో పేజీలో దొరికామో నేను చూడలేదు.
తూకంలో నాలుగు పలుకులు ఎక్కువ పడ్డాయి.
గున్నమ్మ తియ్యనివ్వలేదు.