మీసం మొదట్లో

ఫిషింగ్ హార్బర్. తెల్లారగట్ల నాలుగున్నర.
ఐసుపెట్టెల సందులోంచి ఒంటిచెవి పిల్లి వస్తుంది
మొహం కంటే వెడల్పైన మీసాలు ముందుకు చాపి,
దారి చూసుకుంటూ కాదు,
దారిని దువ్వుకుంటూ.

మసేనమ్మ వక్కల డబ్బాలో
నాకోసం దాచిన మీసాలున్నాయి.
రాలినవే, పీకినవి కావు, ఒట్టేసి చెప్పింది.
"పదకొండు. ఏటి సేసుకుంతావు బాబూ వీటితోటి,
మందా? మాకా?"
రోబోకి అంటిస్తామంటే
వంజరం తోక పట్టుకునే పడీపడీ నవ్వింది.
"మూతి ఉన్నాదా దానికి?"

మూతి ఉంది. కళ్ళే పనికిరావు.
పోర్టు చానల్లో నీళ్ళంటే
నూనె, బొగ్గుపొడి, ఇనప రాయి ఎర్రన.
కెమెరాకి అక్కడ నెలంతా అమావాస్యే.
ఓడ పొట్ట కింద గుల్లలు ఎక్కడ పట్టాయో
వెల్డింగు గీత ఎక్కడ విచ్చిందో
తడిమి చెప్పాలి అది.

రెండు నెలలుగా మా ల్యాబులో జీతాల్లేవు.
నికెల్ తీగ మాత్రం విమానమెక్కి వచ్చింది.
మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.
సామెత మా కొలతలకే కుట్టినట్టుందని
కోప్పడబోయి హైమవతి మేడమ్ కూడా నవ్వేసింది.

మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను పిల్లి మీసాన్ని.
మొదట్లో లావు, చివర ఉందా లేదా అన్నంత సన్నం.
నరం లేదు, నెత్తురు లేదు,
గోరులాంటిది, కత్తిరిస్తే నొప్పెట్టనిది.
తాకేదానికి ఏమీ తెలియదు.
తెలిసేది ఎన్నడూ తాకదు.
చర్మం కింద చీకట్లో, కుదుట్లో కూచుని
ఎంత వంగింది, ఎటు వంగింది
అని పద్దు రాసుకుంటుంది.

తొట్టెలో దించితే మా పిల్లికి పిచ్చెత్తింది.
తన మీసం తనే ఊపుకుని
గోడ, గోడ, గోడ అని కేకలు.
ఉత్త నీళ్ళు.
ఊపిందెవరో ఊగిందెవరో తేలక
లేని గోడకి జడిసి
నూట నలభై సార్లు వెనక్కొచ్చింది.

తొట్టె పక్కన స్టూలు మీద గురువులు.
అది ఆయన పేరే.
ముప్పయ్యేళ్ళు ఓడల కింద మునిగిన డైవరు,
ఇప్పుడు మా తొట్టెకి నీళ్ళు మారుస్తాడు.
వేళ్ళ నిండా గుల్లలు కోసిన తెల్లగీతలు.
మీకెలా తెలిసేదని అడిగితే
చాలాసేపు గోరు గిల్లుకున్నాడు.
"సెయ్యి సాపే ముందు
సాపుతన్నానని లోపల ఓ మాట అనుకుంతాం గదా.
ఆ మాట తీసీ.
మిగిల్నాది ఓడ."

ఆ రాత్రి కోడ్‌లో రెండే వరసలు కలిపాను.
పంపిన ఆజ్ఞకి ఒక నకలు.
వచ్చిన కబురులోంచి నకలు తీసివేత.
మిగిలితే లోకం.
ఏమీ మిగలకపోతే
నేనే.

మూడో జెట్టీ దగ్గర దించాం.
పాత డ్రెడ్జరు అడుగున, తెరమీద గీత
చాలాసేపు నిద్రపోయినట్టు సాగింది.
గుల్ల. గుల్ల. అతుకు. మళ్ళీ గుల్ల.
ఉన్నట్టుండి ఒక వంపు,
మెత్తగా వచ్చి, ఆగి,
తనంతట తనే తప్పుకుంది.
ఇనుము అలా తప్పుకోదు.
మా పట్టికలో దానికి పేరు లేదు.

గురువులు కళ్ళు మూసుకున్నాడు,
బల్లమీద తడివేలితో ఆ వంపు గీసుకున్నాడు,
ఇంకోసారి గీసుకున్నాడు.

"జెల్ల," అన్నాడు.
"దానికీ మీసాలే."