అరవై దాక

బిక్షపతి పొద్దుగూకినంక తెచ్చిండు బండిని.
రాణిగంజ్‌ల పొద్దటి వాన నీళ్ళు ఇంకా పోలే,
గల్లీ అంత డీజిల్ రంగుల తళతళ.
రెండువేల రెండు మాడల్ జెన్.
వెండిరంగు. ఎడమ డోరుది మాత్రం వేరే వెండి.
"రేపు పదింటికి పార్టీ చూడనీకి వస్తది సాయిలన్నా,
మీటర్ల ఆ పసుపు బత్తి ఒక్కటి ఆర్పెయ్."
ఆర్పుమన్నడు.
బాగుచెయ్యమనలే.

కొత్త బండ్లకైతే మిషన్ పెడితె
తెర మీద ఇంగ్లీషుల రోగం పేరొస్తది.
ఈ ముసల్దానికి మిషన్ పట్టదు.
ఎవరిదో పెండ్లి పత్రికకున్న జెమ్ క్లిప్పు
నిటారుగ సాగదీసి
బ్యాటరీ పక్క నల్ల సాకెట్ల
రెండు బొక్కలను ఒక్కటి చేసిన.
లోపల స్టీరింగ్ ముంగట నవీదు,
పని నేర్వనీకొచ్చి ఇంకా నెల గాలే,
తాళం తిప్పి కండ్లప్పగించి కూసుండు.

"నాలుగు ఉస్తాద్!" అని ఒర్రిండు.
నాలుగు కాదురా, మల్ల చూడు.
మెరుపులు లెక్కపెట్టుడు ఎవనికైన వస్తది,
నడుమ ఎక్కడ ఆగిందో అది చూడు.
ఊపిరి బిగబట్టి చూసిండు.
"మూడు... ఆగింది... ఒకటి."

ముప్పై ఒకటి.
గాలి ఎంత గుంజుతున్నదో ఇంజనుకు చెప్పే సెన్సారు
చెప్పుడు మానేసింది.
ఎప్పుడూ కాదు, తడిస్తెనే అయ్యుంటది.
మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కంగ, వానల,
వెనక బస్సు హారన్ కొడుతుండంగ
దమ్ము పట్టినట్టు ఆగిపోతది.

"వైరు చూడాల్నా బిక్షపతీ? గంట పని."
"గంటెక్కడిది అన్నా."
ఫోన్ల ఎవరికో "ఏక్‌దమ్ క్లీన్ బండి" అంటున్నడు అప్పటికే.

ఫ్యూజు గుంజి పట్టుకొని అరవై లెక్కపెట్టాలె.
ముప్పై చాలంటరు కొందరు.
మా ఉస్తాద్ ఖుద్దూస్ మియా అరవై అనేటోడు,
ఒకటి తక్కువైతె పానతోని వేళ్ళ మీద ఒక దెబ్బ.
పదకొండు, పన్నెండు...
దుకాణం కిరాయి అయిదో తారీఖు.
పందొమ్మిది.
ఇంజను ఏమేం మరుస్తున్నదో ఇప్పుడు?
ఆ ఫ్లైఓవరు, ఆ వాన,
కొంచెం కొంచెం పెట్రోలు పెంచుకుంట తగ్గించుకుంట
తనకు తాను సర్దుకున్న లెక్క.
ముప్పై నాలుగు.
ఇంకో చేతిల ఫ్యూజు డబ్బా మూత ఉండె,
ఊరికెనే తిరగేసిన.

లోపల, దుమ్ము కింద, మార్కరు రాత.
ఉర్దూ అంకెలు.
ఒకటి, మూడు. పక్కన చిన్న సున్న.
మూడుకు తోక అంత పొడుగు గుంజేటోడు
నాకు తెలిసి ఒక్కడే.
సచ్చిపోయి ఎనిమిదేండ్లాయె.

సున్న మా షెడ్డు గుర్తు.
"ఇప్పుడు పైసల్లేవు మియా, మల్లొస్త" అన్నోళ్ళ చీటీల మీద వేసేటోడు.
ఆర్పిన, బాగుచెయ్యలే అని.
ఆ దినం ఆయన ముంగట నిలబడ్డది
పైసల్లేని ఓనరో, పైసలున్న బ్రోకరో
సున్న చెప్పదు.

దొంగపని చెయ్యకురా అని నా చెవి మెలిపెట్టినోడు
ఏదో ఒక సాయంత్రం
ఇదే ఫ్యూజు పట్టుకొని ఇట్లనే నిలబడ్డడు.
కోపమొస్తదనుకున్న. రాలే.
లెక్క తప్పింది.
మల్ల ఒకటి నుంచి మొదలువెట్టిన.

తాళం తిప్పంగనే బత్తి వెలిగింది, ఆరింది,
బడిపిల్లగాడు హాజరు చెప్పి కూసున్నట్టు.
బిక్షపతి మూడు నూర్లిచ్చిండు, అందుల ఒక నోటు చినిగింది.
ఆయన చాయ్ తాగేలోపు
ఉస్తాద్ రాత కింద 31 రాసిన,
పక్కన సున్న.
మూత బిగించిన.

రేపొచ్చే పార్టీ ఎవరో నాకు తెల్వదు.
ఆ మూత తిరగేసేటోడు ఏ గల్లీల ఉన్నడో గుడ తెల్వదు.

షట్టర్ దించుతుంటె నవీదు
పానతోని రేకు మీద కొడుతున్నడు.
టక్ టక్ టక్.
ఆగిండు.
టక్.